రేడియో ఆస్పత్రీ, ద్వాదశి పెరుగన్నమూ

ఇప్పుడు టీవీలో ఆస్పత్రి సీరియళ్లు వస్తున్నట్టే, నా కాపురం కొత్తల్లో రేడియోలో వారానికోసారి ఒక ఆస్పత్రి నాటకం వచ్చేది. టీవీలో వచ్చేవాటి మీద నాకు పెద్ద అభిప్రాయం లేదు. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ చెవులకి జుంకాలు ఊగుతుంటే అక్కడే లేచి వెళ్లిపోతాను. ఆ రేడియో నాటకం మీద మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది. దాంట్లో ఒకే ఒక్క వారం కథ, దాని మంచిచెడ్డలు చెప్పాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాను. అప్పట్లో ఒకసారి చెప్పబోతే మొదటి మాట విని ఆపేశారు. ఇప్పుడు మొత్తం రాస్తాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

యాభైల్లో మాట. తిరువూరులో మాది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. రోడ్డుకి అవతల పంచాయతీ ఆఫీసు. దాని ముందు స్తంభానికి మైకు కట్టి సాయంత్రాలు రేడియో పెట్టేవాళ్లు. మగవాళ్లు కింద కూర్చుని వినేవాళ్లు. ఆడవాళ్లం రోడ్డు మీద కూర్చోం గదా, అందుకని మేము మధ్య గది కిటికీ తెరుచుకుని లోపలే కూర్చునేవాళ్లం. బస్సు వచ్చినప్పుడు తప్ప మాట స్పష్టంగా వినపడేది. మనం కొనకుండా, మన బ్యాటరీ అరక్కుండా ఇంట్లోకి వచ్చే రేడియో. ఆ మైకంటే నాకు మొదటినుంచీ గౌరవం.

ఇంట్లో ముగ్గురం. మా ఆయన, మా అత్తగారు, నేను. మామగారు నేను రాకముందే పోయారు. మా ఆయన అక్కని విస్సన్నపేట ఇచ్చారు. పనిబడితే వచ్చి పోతుండేది.

ఆదివారం సాయంత్రం నాటకం మొదలయ్యే ముందే నేను చేటలో కందిపప్పు పోసుకుని కూర్చునేదాన్ని. వినడానికి చెవులు చాలు, చేతులు ఊరికే ఎందుకుండాలి? మా అత్తగారు నా ఎదురుగా చింతపండులో గింజలు తీసేది. నాటకంలో ఒక పెద్ద డాక్టరు. బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఒక నర్సు, ఎప్పుడూ ఏడుపుకి ఒక్క మెట్టు కిందే మాట్లాడేది. వారానికో రోగి వచ్చేవాడు. ఇంట్లో గొడవ ఏదో బయటపడేది, రోగం నయమయ్యేది. చచ్చిపోయినవాళ్లు తక్కువ. ఎవరన్నా చచ్చిపోతే మా అత్తగారు, "ఈ వారం రాసినవాడు వేరే ఎవడో" అని తేల్చేసేది.

ఆవిడకి బొడ్డు పక్కన పేగు జారింది. మొదట్లో నిమ్మకాయంత ఉండేది. నేను వచ్చిన రెండో ఏటికి బత్తాయంత అయింది. బరువెత్తినా దగ్గినా ఉబికి వచ్చేది. ఆవిడ గోడకానుకుని నిలబడి అరచేత్తో నెమ్మదిగా లోపలికి తోసుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ పనిలో పడేది. మా ఊరి డాక్టరుగారు చూసి, "ఆపరేషన్ చేసి కుట్టించుకోవాలి పెద్దమ్మా. ఎప్పుడో ఒకరోజు అది బయటికొచ్చి బిగుసుకుపోతుంది. అప్పుడు మిమ్మల్ని బెజవాడ తీసుకెళ్లేంత టైం కూడా ఉండదు" అన్నారు. ఆయనకి కోత పని రాదు. నాలుగు వారాలకోసారి గురువారంనాడు బెజవాడ నుంచి ఒక సర్జను కారులో వచ్చి, ఈయన ఆస్పత్రిలోనే ఆపరేషన్లు చేసి సాయంత్రానికి వెళ్లిపోయేవాడు.

మా అత్తగారు ఏడాదిపాటు వద్దంటూనే ఉంది. "నిద్రపుచ్చి కోస్తారంట. నిద్రపోయిన మనిషిని ఏం చేస్తారో ఎవడు చూశాడు?" అనేది. ఎవరు చెప్పినా వినలేదు. విన్నది ఆ రేడియో డాక్టరు గొంతు ఒక్కటే. "ఆయన తొందరపడడే. చెప్పి చేస్తాడు. మనిషిని ముందు కూర్చోబెట్టి మాట్లాడతాడు" అని వారం వారం కాస్త మెత్తబడుతూ వచ్చి, ఒక ఆదివారం చింతపండు చేతులతోనే, "ఆ బెజవాడాయన ఎప్పుడొస్తాడో మీ ఆయన్ని కనుక్కోమను" అంది. ఇది నాటకం చేసిన మంచి. తిట్టబోయే ముందు మంచి చెప్పుకోవాలి గనక చెబుతున్నాను.

మా ఆయన తీరిక చూసుకుని ఆ శనివారం వెళ్లి కనుక్కొచ్చాడు. రాబోయే గురువారమే. "బుధవారం పొద్దుగూకాక ఏమీ పెట్టొద్దన్నారు. పరగడుపున తీసుకురమ్మన్నారు" అని బెల్లం తూస్తూ, తల తిప్పకుండా చెప్పాడు. ఎందుకు పెట్టొద్దో ఆయన వాళ్లని అడగలేదు. నేను ఆయన్ని అడగలేదు.

అప్పుడొచ్చింది నేను చెప్పదలచుకున్న వారం కథ. ఆ ఆదివారం నాటకంలో ఒక ముసలామెకి ఆపరేషన్. మా కోసమే రాసినట్టుంది. ఆవిడ కూతురు పొరుగూరి నుంచి పరిగెత్తుకుంటూ వస్తుంది. తల్లీకూతుళ్లకి ఏదో పాత తగువు, పదేళ్లుగా మాటల్లేవు. ఆపరేషన్ గది ముందు కూతురు గిన్నె మూత తీస్తుంది. "అమ్మా, పెరుగన్నం కలిపి తెచ్చాను. నా చేత్తో ఒక్క ముద్ద తినమ్మా" అంటుంది. తల్లి తింటుంది. నర్సు ముక్కు ఎగబీలుస్తుంది. పెద్ద డాక్టరు అక్కడే నిలబడి, "ఇంతకు మించిన మందు నా దగ్గర లేదమ్మా" అంటాడు. వీణ మోగుతుంది. అక్కడికి ఆ వారం అయిపోయింది.

నేనూ ఏడ్చాను. ఒప్పుకుంటున్నాను. చేటలో రాయి ఏదో పప్పు ఏదో కనపడలేదు. మా అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుని, "మనిషిని అట్లా కడుపులో ఇంత పెట్టి పంపాలి. ఖాళీ కడుపుతో కత్తి కింద పడుకోబెట్టడం కసాయివాళ్ల పని" అంది.

బుధవారం ఏకాదశి పడింది. మా అత్తగారు నెలకి రెండు ఏకాదశులూ పచ్చి ఉపవాసం ఉండేది. మంచినీళ్లు తప్ప పాలు కూడా ముట్టేది కాదు. మర్నాడు ద్వాదశి ఘడియలు దాటకముందే అన్నం తిని ఉపవాసం విడవాలి. విడవకపోతే ముందురోజు పడ్డ కష్టమంతా వృథా అని ఆవిడ నమ్మకం. జ్వరంలో కూడా తప్పలేదు. ఆ బుధవారమూ ఉపవాసం ఉంది. సాయంత్రం బస్సుకి మా ఆడబిడ్డ వచ్చింది.

గురువారం తెల్లవారేసరికి మా అత్తగారు తలస్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమే, అన్నం వార్చావా?"

"వార్చానండీ. కానీ డాక్టరుగారు మిమ్మల్ని పరగడుపున తీసుకురమ్మన్నారంట అత్తయ్యగారూ."

"నిన్న పొద్దుట్నించీ నేనేం తిన్నాను?"

"ఏమీ తినలేదు."

"వాళ్లు ఉండమంది ఒక్క రాత్రి. నేనున్నది పగలూ రాత్రీ కూడా. ఇంకా ఏం కావాలంట వాళ్లకి?"

ఆ వాదనలో నాకు తప్పు కనపడలేదు. డాక్టర్ల సంగతి తెలియనివాళ్లకి ఇప్పటికీ చెప్పి చూడండి, సగంమంది సరేనంటారు. అయినా నేను నసిగాను. ఆవిడ పీట వాల్చుకుని కూర్చుంది.

"ద్వాదశి దాటిపోతుంది. మొన్న విన్నావు గదా, ఆ ముసల్దానికి కూతురు పెట్టలా? ఆ డాక్టరు పక్కనే నిలబడి చూళ్లా? నా కూతురు ఆ బావి దగ్గర తలంటుకుంటుంది. నువ్వే పెట్టు."

నువ్వే పెట్టు అనేసరికి నాకు ఎక్కడో తగిలింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నా చేతి ముద్ద అడగలేదు. పెరుగేసి అన్నం మెత్తగా పిసికి నాలుగు ముద్దలు పెట్టాను. తిని, చెయ్యి నా నెత్తిన పెట్టి లేచింది. మా ఆడబిడ్డ బావి దగ్గర్నుంచి వచ్చేసరికి గిన్నె కడిగేశాను. దాచాలని కాదు. గిన్నె అలా వదిలేసే అలవాటు నాకు లేదు.

ఆస్పత్రి అంటే పెంకుటిల్లు. ముందు వరండా, వరండాలో రెండు బల్లలు, లోపల ఒక గదికి తెల్లగుడ్డ కర్టెన్. మా ఆయన కొట్టు తెరిచి వస్తానన్నాడు, మేము ముగ్గురం వెళ్లేసరికి సర్జను వచ్చి ఉన్నాడు. నర్సమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. ఏడుపు గొంతు కాదు, ఊరంతా వినపడే గొంతు.

"పెద్దమ్మా, ఏమన్నా తిన్నావా?"

"నిన్న తెల్లారినప్పట్నించీ ఉపవాసం తల్లీ" అంది మా అత్తగారు, గొప్పగా.

"మంచిది" అని నర్సమ్మ కాగితం మీద గీత పెట్టుకుని వెళ్లింది. ఆ మాట అబద్ధం కాదు. నిజమూ కాదు. నేను మా అత్తగారి వంక చూశాను. ఆవిడ తులసిపూసలు తిప్పుకుంటూ కళ్లు మూసుకుంది.

మాకంటే ముందు పెనుగొలను నుంచి వచ్చిన రైతు ఉన్నాడు. నర్సమ్మ ఆయన్నీ అదే అడిగింది. ఆయన మొహమాటంగా నవ్వుతూ, "ఏమీ తినలేదమ్మా. కాస్త తరవాణి తాగాను, బండిలో ఎండ కొట్టకుండా" అన్నాడు. నర్సమ్మ కాగితం దించేసింది.

"తరవాణి తాగావా? ఎవరు తాగమన్నారు నిన్ను? ఇంటికి పో!"

"నీళ్లే గదమ్మా, నాలుగు మెతుకులు" అంది ఆయన పెళ్లాం.

"ఆ నాలుగు మెతుకులే మనిషిని తీసేది. మత్తు ఇచ్చాక కడుపులోది పైకొస్తుంది. మత్తులో ఉన్నవాడు ఉమ్మలేడు, మింగలేడు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే బల్ల మీదే ప్రాణం పోతుంది. చచ్చాక మా మీద పడి ఏడుస్తారు. లే, లే, పై నెల రా."

ఆ మాటలు విన్న దగ్గర్నుంచి నేను కూర్చోలేకపోయాను. లేచాను. వరండా ఈ చివరికి నడిచాను. ఆ చివరికి నడిచాను. చేతులకి పని లేదు. పైట కొంగు దారం ఒకటి లాగి, మళ్లీ ముడేసి, మళ్లీ లాగాను.

"ఏంటమ్మా మరదలా, కాలుగాలిన పిల్లిలాగా? ఆపరేషన్ అమ్మకా, నీకా?" అంది మా ఆడబిడ్డ.

"ఏం లేదు వదినా. గాలాడటం లేదు."

నాలుగు ముద్దలు. తెల్లవారి తిన్నది, ఇప్పుడు తొమ్మిది దాటింది. అరిగిపోయుంటాయా? పెరుగన్నం తేలిక. కానీ ఆ రైతుది తరవాణి, అదింకా తేలిక. నాటకంలో ఆ ముసలామె గది ముందే తిన్నది గదా. మరి ఆ పెద్ద డాక్టరు ఎందుకూరుకున్నాడు? ఎవరు తప్పు, ఈ నర్సమ్మా ఆ డాక్టరా? నేను అప్పటిదాకా రేడియోలో చెప్పింది అబద్ధం కావచ్చని అనుకోలేదు. పంచాయతీ ఆఫీసు ముందు మైకులో చెప్పేది తప్పయితే చెప్పనిస్తారా అనుకునేదాన్ని.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఈ గురువారం పోతుంది. ఏడాది బతిమాలితే వచ్చిన మనిషి మళ్లీ రాదు. ఏదో ఒకరోజు ఆ బత్తాయి బిగుసుకుంటుంది. పైగా నలుగురిలో ఆవిడ మాట తప్పని నేను నిలబెట్టినట్టవుతుంది. చెప్పకపోతే ఏమవుతుందో నర్సమ్మ చెప్పింది. చెప్పకపోతే ఇంకోటి కూడా ఉంది. ఆ ముద్దలు పెట్టింది నేనని ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని రాస్తే ఈ కాగితం దండగ.

ఒకసారి కర్టెన్ దాకా వెళ్లి, లోపల కత్తెరలు పళ్లెంలో వేసిన చప్పుడు విని వెనక్కొచ్చేశాను. నర్సమ్మ బయటికొచ్చినప్పుడల్లా నోరు తెరిచాను. ఆవిడ ఎవరినో కేకలేస్తూ పోయేది. ఫినాయిలు వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆ రేడియో ఆస్పత్రిలో వాసన ఉండేది కాదు.

"పెద్దమ్మా, రా" అని పిలిచారు.

మా అత్తగారు లేచింది. తులసిపూసలు తీసి కూతురి చేతిలో పెట్టింది. తనే నడుస్తూ కర్టెన్ పక్కకి జరిపింది.

"నర్సమ్మగారూ, ఆవిడ పొద్దున అన్నం తిన్నారు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, వరండాలో అందరూ తల తిప్పారు.

"ఏమే!" అంది మా అత్తగారు.

సర్జను బయటికొచ్చాడు. కడుక్కున్న చేతులు పైకెత్తి పట్టుకున్నాడు, మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. కుర్రవాడే. బక్కగా ఉన్నాడు. గొంతు కూడా బావిలోంచి వచ్చేది కాదు, పీలగా ఉంది.

"ఎంత తిన్నారు?"

"నాలుగు ముద్దలండీ. పెరుగన్నం."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"తినకూడదని చెప్పలేదా మీకు?"

"చెప్పారండీ. ఏకాదశి ఉపవాసం ఉన్నారు గదా, అది సరిపోతుందనుకున్నాం. పైగా రేడియోలో పెట్టారండీ."

"ఏ రేడియోలో?"

నాటకం సంగతి చెప్పాను. ఆయన ఒక్క క్షణం నా వంకే చూశాడు. "అయితే ఆ రేడియో వాళ్లనే వచ్చి కుట్టమనండి" అని లోపలికెళ్లిపోయాడు. "నెక్స్ట్" అన్న కేక వినపడింది.

దారిలో మా ఆడబిడ్డ మొదలుపెట్టింది. "అన్నం పెట్టేటప్పుడు నోరు లేదు, అమ్మ గుమ్మం దాటేటప్పుడు వచ్చిందా? ఊరందరి ముందూ మా అమ్మని అబద్ధాలకోరుని చేశావు గదమ్మా." అందులో సగం న్యాయమే. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "నాకన్నా చెప్పాల్సింది" అన్నాడు. "మీరన్నా ఎందుకు పెట్టకూడదో అడిగి రావాల్సింది" అన్నాను. ఆయన కొట్లోకి వెళ్లిపోయాడు.

మా అత్తగారు నాతో మాట మానేసింది. ఇల్లు చిన్నది, మనుషులం ముగ్గురం, అందులో ఒకరు రోజంతా కొట్లో ఉంటారు. అయినా మానేసింది. నాకు చెప్పాల్సినవి గోడకి చెప్పేది. "చారులో ఉప్పు తక్కువైంది" అని గోడకి చెప్పేది. నేను ఉప్పు తెచ్చి పెట్టేదాన్ని. "ఎవరో తడిబట్టలు ఆరెయ్యలేదు" అనేది. నేను ఆరేసేదాన్ని. ఎప్పుడు చూసినా నా కళ్లు ఆవిడ పొట్ట మీదే ఉండేవి. దగ్గితే చేతిలో పని ఆగిపోయేది. బిందె ఎత్తబోతే పరిగెత్తి లాక్కునేదాన్ని. "నీళ్లు కూడా తోడుకోనివ్వరు ఈ ఇంట్లో" అని గోడకి చెప్పేది.

ఆ తర్వాతి ఆదివారం నాటకంలో అదే కథ సాగింది, ఆ ముసలామె కళ్లు తెరిచింది. కూతుర్ని పిలిచింది, డాక్టర్ని దీవించింది, పాత తగువు ఎలా వచ్చిందో మొదటినుంచీ చెప్పి మరీ క్షమించింది. మర్నాడే నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయింది. మా అత్తగారు చింతపండు పక్కకి నెట్టి, కొట్లోంచి లోపలికొచ్చిన కొడుకుతో, "విన్నావురా? తిని వెళ్లింది, నవ్వుతూ వచ్చింది. నన్ను మాత్రం గుమ్మం దగ్గర్నుంచి ఈడ్చుకొచ్చారు. ఇక నన్ను ఎవరూ అడగొద్దు" అంది.

ఆ మాటతో నాకు కాలు నిలవలేదు. ఇన్నాళ్లూ గౌరవించిన మైకుని చూస్తే ఒళ్లు మండింది. నాటకం చివర్లో, మీ అభిప్రాయాలు కార్డు మీద రాసి పంపండి అని చెప్పేవాళ్లు. ఇంట్లో ఒక ఖాళీ కార్డు ఉంది. ఎప్పటికన్నా పనికొస్తుందని దేవుడి పటం వెనక పెట్టుకున్నది. తీసి పెన్సిల్‌తో ముందు పలక మీద రాసి చూసుకున్నాను. మా ఆయన చదివి, "ముందు ఒక మంచి మాట రాయి. ఎడాపెడా తిడితే చించేస్తారు" అన్నాడు. బేరం చేసేవాళ్లకి ఆ తెలివి ఉంటుంది. సరేనని, నాటకం బాగుంటున్నదనీ, డాక్టరు వేషం వేసేవారి గొంతు హాయిగా ఉంటుందనీ మొదట రాశాను. తర్వాత అసలు సంగతి. ఆపరేషన్ ముందు రోగికి అన్నం పెట్టించారు, అది ప్రాణం తీసే పని, మా ఇంట్లో అది నిజమనుకుని చేశాం, పై వారం ఎవరిచేతనైనా అది తప్పని చెప్పించండి, మా అత్తగారు వింటారు. చీమతలంత అక్షరాలతో కార్డు అంచుదాకా రాశాను.

రెండు ఆదివారాలు కిటికీ దగ్గర కూర్చున్నాను. పప్పు ఏరుతున్నానన్న పేరే గాని ఒక్క రాయి తియ్యలేదు. రెండో ఆదివారం నాటకం ముందు ఉత్తరాలు చదివారు. "తిరువూరు నుంచి ఒక సోదరి రాస్తూ, నాటకం బాగుంటున్నదనీ, డాక్టరు పాత్రధారి గొంతు హాయిగా ఉంటున్నదనీ తెలియజేశారు. వారికి కృతజ్ఞతలు" అన్నారు. అంతే. ఇంకో ఊరి ఉత్తరం అందుకున్నారు.

మా అత్తగారు చేతిలో చింతపండులోంచి గింజ తీసి పక్కన పెట్టింది. తర్వాత గోడ వైపు తిరిగి, "మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా రాస్తున్నారు" అంది.

మూడు రోజులు గడిచాయి. మా ఆయన సరుకు కోసం బెజవాడ బస్సెక్కిన రోజు పొద్దున, మా అత్తగారు నేను వద్దంటున్నా రుబ్బురోలు ముందు కూర్చుంది. నాలుగు తిప్పులు తిప్పిందో లేదో, పొత్రం వదిలేసి పక్కకి ఒరిగిపోయింది. పొట్ట మీద బత్తాయి రాయిలా ఉంది. అరచేత్తో తోసింది, పోలేదు. మళ్లీ తోసింది. మొహం బూడిదరంగు అయింది.

ఎదురింటామెని డాక్టరుగారి కోసం పరిగెత్తించాను. అది బిగుసుకుంటే ఏం చెయ్యాలో ఆయన ఇదివరకు చెప్పింది గుర్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు పైకి మడిచి, నడుం కింద దిండు పెట్టాను. ఆ వాపు మీద తడిగుడ్డ వేసి అరచెయ్యి ఆనించాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గాజులు రెండు చిట్లాయి. మాట లేదు, మూలుగు లేదు. కిటికీలోంచి బస్సు బయల్దేరిన చప్పుడు వచ్చింది. అందులో మా ఆయన ఉన్నాడు. కేకేస్తే వినపడేంత దూరం, కానీ ఆ చెయ్యి విడిపించుకుని లేవలేను. డాక్టరు ఇంకా రాలేదు. గుమ్మం వైపు చూడటం, ఆ వాపు చూడటం, మళ్లీ గుమ్మం చూడటం. ఎంతసేపని చెప్పను? రుబ్బిన పిండి ఎండి అంచులు కట్టింది. అప్పుడు ఆవిడ పొట్టలో గుడగుడమని చప్పుడైంది. నా చేతికింద అది మెత్తబడి, జారి లోపలికి పోయింది.

డాక్టరుగారు వచ్చి చూసి, "ఈసారికి పోయింది. ఇంకోసారి పోతుందని నేను చెప్పలేను" అన్నారు. సాయంత్రం కొడుకు రాగానే మా అత్తగారు పడుకునే, "ఆ బెజవాడాయన ఈ గురువారమేనా, పై గురువారమా?" అంది. రేడియో వల్ల కానిదీ నా కార్డు వల్ల కానిదీ ఆ నొప్పి వల్ల అయింది.

మొదటిసారి వెనక్కొచ్చిన రోజుకి సరిగ్గా నాలుగు వారాలకి వచ్చిన ఆ గురువారం దశమి. ఉపవాసం పేచీ లేదు. అయినా ఆ పొద్దున నేను పొయ్యి వెలిగించలేదు. మా ఆయనకీ కాఫీ లేదు, ముందురోజు వచ్చిన మా ఆడబిడ్డకీ లేదు. "ఒకరికి ఆపరేషన్ అయితే ఇంటిల్లిపాదికీ లంఖణమా?" అని గొణిగింది. గొణగనీ అనుకున్నాను. నర్సమ్మ మమ్మల్ని మర్చిపోలేదు. మా అత్తగారిని వదిలేసి నన్నే అడిగింది. "నీళ్లు కూడా లేవు" అన్నాను. మా అత్తగారు ఎవరి వంకా చూడకుండా లోపలికెళ్లింది.

నాటకం మీద నా అసలు ఫిర్యాదు పెరుగన్నం కూడా కాదు. దాంట్లో ఎదురుచూడటం ఉండదు. తలుపు వేస్తారు, వీణ రెండుసార్లు మోగుతుంది, తలుపు తీస్తారు. ఆస్పత్రి అంటే ఆ మధ్య ఉన్నదే. ఆ వరండాలో ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో నాకే తెలియదు. బల్ల మేకు ఒకటి పైకొచ్చి ఉంటే రాయి తెచ్చి కొట్టాను. నర్సమ్మ వచ్చి కేకలేసింది. కర్టెన్ ఊగితే లేచి నిలబడేదాన్ని. గాలికి ఊగిందని తెలిసేది. లోపల ఎవరో దగ్గితే, అది మత్తులో ఉన్న దగ్గా, మేలుకున్న వాళ్ల దగ్గా అని చెవులు పెట్టేదాన్ని. రాత్రి ఏమన్నా తిన్నదా, నేను చూడకుండా కొట్లో బెల్లం ముక్క ఏమన్నా నోట్లో వేసుకుందా అని ముందురోజంతా గుర్తు చేసుకున్నాను. మా ఆడబిడ్డ కూడా నా పక్కన కూర్చుని నా కొంగు దారాలే లాగుతోంది.

మధ్యాహ్నానికి మంచం మీద పడుకోబెట్టి తెచ్చారు. సర్జను చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బాగా జరిగింది. సాయంత్రం దాకా చుక్క నీళ్లు ఇవ్వొద్దు. రేడియోలో ఇచ్చినా సరే" అన్నాడు. ఆయన నవ్వుతాడని అప్పటిదాకా నాకు తెలియదు.

మా అత్తగారు కళ్లు తెరిచింది. ఎవర్నీ దీవించలేదు, ఎవర్నీ క్షమించలేదు. రెండుసార్లు పసరు కక్కుకుంది. పెదాలు పగిలి ఉన్నాయి. తల తిప్పి కూతుర్ని చూసింది, కొడుకుని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నీళ్లు" అంది.

"సాయంత్రం దాకా ఇవ్వకూడదన్నారు అత్తయ్యగారూ."

"గుక్కెడు."

"ఇవ్వకూడదు."

"గొంతు ఆర్చుకుపోతుందే. నీ చేతిలోనే గదే చెంబు ఉంది. పొయ్యవే."

మా ఆడబిడ్డ ఏడుస్తూ, "ఒక్క గుక్కేగా మరదలా, ఏమవుతుంది?" అని చెంబు మీద చెయ్యేసింది. ఆ చెయ్యి తీసేసి, చెంబు పట్టుకెళ్లి వరండా అవతల పెట్టొచ్చాను. వచ్చి మంచం పక్కన కూర్చున్నాను.

"రాక్షసీ! నా కొంపకి ఎక్కడ దాపురించావే. అన్నం పెట్టొద్దంటే పెడతావు, నీళ్లు పొయ్యమంటే పొయ్యవు" అంది మా అత్తగారు. గొంతు గరగరలాడుతోంది గానీ మాట మాటా నా మొహం మీదే అంది.

నాలుగు వారాల్లో ఆవిడ నాతో మాట్లాడింది అప్పుడే. నేను తడిగుడ్డ పిండి పెదాలకి అద్దాను. ఆవిడ ఆ గుడ్డ పళ్లతో పట్టుకుని చప్పరించబోయింది, లాగేశాను. మళ్లీ తిట్టింది. మళ్లీ అద్దాను. సాయంత్రం కావడానికి ఇంకా చాలాసేపు ఉంది.